ఆర్డిత్ మెచ్చిన బీరు

మంచు బాగా పడే మా చిన్న ఊరు కాల్యుమెట్‌లో ఎవరైనా తమకు బీరు పడదంటే, వాళ్ళను ఆర్డిత్ కంగాస్ దగ్గరికి పంపేవాళ్ళం. ఆమెకూ పడదు గనక.

ఆమె భర్త రాయిస్ మూతపడిన పాత రొట్టెల బట్టీని కొని, అందులో బీరు కాచి అమ్మేవాడు. నాది పక్కనే ఇనుప సామాను దుకాణం. రెండింటికీ మధ్య గోడ ఒకటే. అతను మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఉడికించే రోజున నా మేకుల డబ్బాలక్కూడా ఆ గంజి వాసన పట్టేది. అలా గోడ పంచుకుని చాలా ఏళ్ళు బతికాం కాబట్టి, వాళ్ళ సంగతులు నాకు తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియవనుకుంటాను.

ఆర్డిత్ అంతకుముందు బడి వంటగదిలో వంట చేసేది. పొడవాటి మనిషి, గట్టి చేతులు, తక్కువ మాటలు. పిల్లల్లేరు. దాని గురించి వాళ్ళు మాట్లాడేవాళ్ళు కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు. రాయిస్ దుకాణం పెట్టాక ఆమె బడి పని మానేసి కౌంటరు వెనక నిలబడింది. పక్కన తన కాఫీ కప్పు ఎప్పుడూ ఉండేది. రోజంతా గ్లాసులు నింపి అందరికీ అందిస్తూ, తాను మాత్రం ఆ కాఫీయే తాగేది.

ఒకసారి ఒకాయన తన అత్తగారిని వెంటబెట్టుకొచ్చాడు. పెద్దావిడ కోటు గుండీలు కూడా విప్పకుండా స్టూలు మీద కూర్చుని, "నాకేం వద్దు. బీరంటే నాకు గుర్రాలసాల గుర్తొస్తుంది" అంది.

"నాకూ అంతేనమ్మా" అంది ఆర్డిత్. "పొద్దున టోస్టు మీద ఏం రాసుకుంటారు మీరు?"

"నారింజ తొక్కల జామ్. ఎందుకు?"

"కాఫీలో పాలు పోసుకుంటారా?"

"పోసుకోను. నువ్వేమన్నా డాక్టరువా?"

ఆర్డిత్ నవ్వకుండా రెండు చిన్న గ్లాసులు తెచ్చి ముందు పెట్టింది. ఒకటి నారింజ తొక్క వేసి కాచిన గోధుమ బీరు, రెండోది ఓట్స్ వేసి కాచిన నల్ల బీరు. పెద్దావిడ మొదటిది వాసన చూసి పక్కన పెట్టింది. రెండోది ఒక గుక్క తాగి, అల్లుడి వైపు తిరిగి, "ఇది బీరని నాకెవరూ చెప్పలేదే" అంది. ఆ తర్వాత ఆ నల్ల బీరు కోసం ఆవిడ ప్రతి శుక్రవారం వచ్చేది, అల్లుడు రాకపోయినా.

అది ఆర్డిత్ విద్య. బీరు ఇష్టమున్నవాళ్ళు ఇష్టం లేనివాళ్ళకు బీరు పోస్తే, తమకు నచ్చిందే పోస్తారు. ఆర్డిత్‌కు ఆ గొడవ లేదు. అవతలివాళ్ళు ఎక్కడ ముఖం ముడుస్తారో ఆమెకు ముందే తెలుసు. తన నాలుక వెనక కూడా ఆ చేదు అక్కడే పట్టుకునేది.

దుంగల లారీ నడిపే మిల్ట్ సర్కెలా రాయిస్‌ను ఏడిపించేవాడు. "నువ్వు కాచింది నీ పెళ్ళామే తాగదు. మేమెందుకు తాగాలయ్యా?"

"తను కూడా మొదలెడితే నీకు మిగలదురా" అనేవాడు రాయిస్.

కానీ అతని మనసులో ఆ కోరిక ఉండేది. భార్య ఒక్కసారైనా తన బీరు ఇష్టపడి తాగాలని. ఏటా ఒక చిన్న పీపా ఆమె కోసమని కాచేవాడు. ఒక ఏడు తేనె వేశాడు. ఒక ఏడు ఆమె చేసే రొట్టెలో వేసే యాలకులే దంచి వేశాడు. ఇంకో ఏడు తన నాయనమ్మ కాచినట్టు జూనిపర్ అనే ఘాటు వాసన పొద కొమ్మల మీదుగా వడగట్టాడు. ఆ పీపా తెరిచిన సాయంత్రం దుకాణంలో ఉన్న నలుగురమూ మాటలు ఆపి ఆర్డిత్ ముఖం చూసేవాళ్ళం. ఆమె ఒక గుక్క తీసుకుని, కాసేపు ఆగి, తీర్పు చెప్పేది.

"తడిసిన గోనెసంచి."

లేకపోతే, "పాత చిల్లర నాకినట్టుంది."

యాలకులది తాగి, "ఇది బాగుంది. ఇందులోంచి బీరు తీసేస్తే ఇంకా బాగుంటుంది" అంది.

రాయిస్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. నొచ్చుకునేవాడు కాదు. నేనొకసారి ఉండబట్టలేక ఆమెతో, "ఒక్కసారి బాగుందని చెప్పెయ్యరాదూ, ముసలాడు సంతోషపడతాడు" అన్నాను. ఆ మాట రాయిస్ విన్నాడు.

"ఆమెకు అలాంటివి నేర్పకు వెర్న్" అన్నాడు. "మర్యాదకి బాగుందని చెబితే, నేను ఎటు పోవాలో నాకెట్లా తెలుస్తుంది? నాకు నిజం చెప్పే నాలుక ఊళ్ళో ఇదొక్కటే."

ఒక మార్చి నెలలో, కరిగీ కరగని తడి మంచు కప్పు మీద పేరుకుపోతే దాన్ని తోసెయ్యడానికి రాయిస్ పైకెక్కాడు. గోడకు ఇటు నుంచి నాకు ముందు పార గీస్తున్న చప్పుడు, తర్వాత ఏదో దొర్లిన చప్పుడు వినిపించాయి. పరుగెత్తుకెళ్ళేసరికి రాతి మెట్టు పక్కన కూర్చుని, తల వెనక చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. "దింపాల్సింది మంచుని, నన్ను కాదు" అన్నాడు. జోకు వేశాడు గదా అని నేను ధైర్యపడ్డాను. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని పంపారు. తలనొప్పి తగ్గింది, నడక సరిగ్గానే ఉంది. అందరం గండం గడిచిందనుకున్నాం.

ఇంటికొచ్చిన వారంలో ఆర్డిత్ అతని కోసం యాలకుల రొట్టె చేసింది. పొయ్యిలోంచి వస్తున్న వాసనకి వీధిలో పోయేవాళ్ళు కిటికీ వైపు చూస్తున్నారు. రాయిస్ ఆ పొయ్యి పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ, తలెత్తకుండా, "ఇవాళేం చేస్తున్నావు?" అని అడిగాడు.

ఆమె ఒక యాలకు చితక్కొట్టి అతని ముక్కు కింద పెట్టింది. తర్వాత కాఫీ పొడి. తర్వాత వెనిగర్ సీసా మూత. తర్వాత గ్యారేజీలోంచి కిరసనాయిలు గుడ్డ.

"ఏమీ లేదు ఆర్డిత్" అన్నాడు అతను. "లైటు తీసేసినట్టుంది."

డాక్టరు, దెబ్బకు వాసన నరాలు తెగి ఉంటాయన్నాడు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఏడాది చూడమన్నాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదు మాత్రం నాలుకకు తెలుస్తాయి. మిగతా రుచి అంతా ముక్కుదేనని అప్పుడు తెలిసింది మాకు.

రాయిస్ ఈ సంగతి బయటికి చెప్పనివ్వలేదు. చేతి అలవాటు మీద కాచాడు. కొలతలు అతనికి చేతుల్లోనే ఉండేవి, కాగితం మీద పెట్టే మనిషి కాదు. మే నెలలో కొత్త పీపా తెరిచారు. మా వైపు జనం నోరు విప్పి బాగోలేదని చెప్పరు. సగం తాగి, డబ్బులు పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోతారు. మిల్ట్ కూడా అలాగే వెళ్ళిపోయాడు. గ్లాసులు కడగబోతూ ఆర్డిత్ ఆ సగం సగం గ్లాసులన్నీ చూసింది. ఒకదాన్ని తీసుకుని తాగింది.

"రాయిస్, ఆ పీపా మూసెయ్."

"ఎందుకు?"

"పాడైన వెన్న కంపు కొడుతోంది."

"నీకు బీరంతా కంపే గదా."

"ఏ కంపు ఏదో నాకు తెలుసు" అంది ఆర్డిత్. "మూసెయ్."

అతను పీపా తనే దొర్లించుకెళ్ళి వెనక కాలవలో పారబోశాడు. అది పారుతున్నంతసేపూ నా వెనక తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. ఒకసారి వంగి చేత్తో కాస్త తీసి మొహం దగ్గర పెట్టుకున్నాడు. అలాగే చాలాసేపు ఉండిపోయాడు.

ఆ మర్నాటి నుంచి ఆర్డిత్ అతని ముక్కు అయింది. పొద్దున కాఫీ కూడా తాగకుండా, నోరు కడుక్కుని, వరసగా పీపాల దగ్గరికెళ్ళి ఒక్కొక్క దాంట్లోంచి కాస్త పట్టి వాసన చూసేది, నోట్లో తిప్పేది.

"ఏం వస్తోంది?" అని అడిగేవాడు.

"పచ్చి యాపిల్ తొక్క."

"అయితే ఇంకా కాలేదు. వారం ఉండనీ. రెండోది?"

"తడిసిన అట్టపెట్టె."

"గాలి తగిలింది. అది పోయినట్టే."

నలభై ఏళ్ళు తనకు పడనిదాన్ని ఆమె పొద్దున్నే ఖాళీ కడుపుతో నోట్లో పోసుకునేది. మధ్యాహ్నం దాకా నోరంతా చేదుగా ఉండేదట, తలనొప్పి వచ్చేదట. ఈ మాట నాతో అంది గానీ అతనితో ఎప్పుడూ అనలేదు. మిల్ట్ ఊరుకుంటాడా, "ఏం ఆర్డిత్, పొద్దున్నే మొదలెట్టేస్తున్నావంట?" అన్నాడు.

"నీ కోసమే మిల్ట్. నువ్వు తాగి చావకుండా చూస్తున్నా."

దుకాణం మళ్ళీ నిలబడింది. కానీ రాయిస్ చిక్కిపోయాడు. తిండి మీద ధ్యాస పోయింది. ఒకప్పుడు బయట గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, సాయంత్రానికి మంచు పడుతుందని చెప్పేవాడు, పడేది. ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఊరికే వీధి చూసేవాడు. అందరి ముందు భార్యను "ఏం వస్తోంది?" అని అడగాల్సి వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించేవాడు.

ఆగస్టులో థింబుల్‌బెర్రీలు పండాయి. మా దగ్గర రోడ్ల పక్కన పొదల్లో కాసే ఎర్ర పళ్ళు, వేళ్ళ మధ్య పట్టుకుంటేనే చిదిగిపోయేంత మెత్తన. దోమలకు పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని ఇద్దరూ ఉత్తరం వైపు రోడ్డు పట్టుకుని వెళ్ళి ఏరుకొచ్చారు. ఏరుతూ రాయిస్ ఒకటి నోట్లో వేసుకుని, "పులుపు తెలుస్తోంది" అన్నాడట. "ఇదొక్కటీ నాకు మిగిలింది ఆర్డిత్."

అందుకే ఆ ఏడు ఆమె పీపా పుల్లటిది కాచాడు. గోధుమలు ఎక్కువ, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు దాదాపు లేనట్టే. పాలలో తోడు వేసినట్టు ఆ గంజికి తోడు వేసి, గోరువెచ్చగా రాత్రంతా పులియనిచ్చి, తర్వాత మరిగించి, ఈస్టు వేసి, చివర్లో ఆ పళ్ళూ ఇంత ఉప్పూ వేశాడు. పులుపూ ఉప్పూ మాత్రమే తన నాలుకకు అందుతాయి కాబట్టి వాటినే పట్టుకుని కాచాడు. వాసన సంగతి దేవుడికి వదిలేశాడు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, తలుపు కీలు బిగించడానికి నేను అక్కడే ఉన్నాను. రాయిస్ చిన్న గ్లాసులో పోసి ఆమె ముందు పెట్టాడు. ఎర్రగా, కాస్త మసకగా ఉంది. ఆమె ఒక గుక్క తాగింది. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని ఈసారి తిట్టు ఏమొస్తుందా అని చూస్తున్నాను. ఆమె ఇంకో గుక్క తాగింది. తర్వాత మిగిలింది నెమ్మదిగా తాగేసి, గ్లాసు అతని వైపు జరిపింది.

"ఇంకాస్త పొయ్యి."

రాయిస్ ముందు నా వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు. అతని ముఖంలో సంతోషం వస్తుందని ఎదురు చూశాను. రాలేదు.

"వద్దు ఆర్డిత్."

"ఏం వద్దు?"

"ఇన్నేళ్ళూ నిజం చెప్పావు. ఇప్పుడు మొదలెట్టకు."

"ఏం మొదలెట్టాను? బాగుంది రాయిస్. నిజంగా బాగుంది."

"నా ముక్కు పోయింది, బుర్ర పోలేదు" అన్నాడు. గొంతు పెంచలేదు. "నా మీద జాలితో తాగకు. అప్పుడు గోనెసంచి అన్నావే, అలాంటి మాట ఒకటి చెప్పు. అప్పుడు నమ్ముతా."

ఆమె ముఖం తెల్లబోయింది. నేను కల్పించుకుని, "నేను చెప్తా ఉండు" అని ఒక గుక్క తాగాను. బాగుంది. చాలా బాగుంది. అదే చెప్పాను. అతను నన్ను చూసి నవ్వి, "నువ్వు మొదట్నుంచీ అబద్ధం చెప్పమన్నవాడివే గదా వెర్న్" అన్నాడు. నేను మళ్ళీ తలుపు కీలు వైపు తిరిగాను.

ఆ బీరు జనానికి నచ్చింది. బీరు పడనివాళ్ళు కూడా అడిగి తాగారు. ఆర్డిత్ రోజూ సాయంత్రం కౌంటరు దగ్గర ఒక గ్లాసు పోసుకునేది. అతనికి రుజువు చూపిద్దామని కాదు, తాగాలనిపించి. కానీ అతను అటు చూసేవాడు కాదు. చూస్తే నాటకమనుకునేవాడు. ఒకరోజు ఆమె విసిగిపోయి, అందరూ వింటుండగానే, "ఇది నచ్చలేదని చెబితేగానీ నచ్చిందని నమ్మవా నువ్వు?" అంది. మిల్ట్ తల దించుకుని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. రాయిస్ గుడ్డ తీసుకుని అప్పటికే తుడిచిన బల్ల మళ్ళీ తుడిచాడు.

మంచు మొదలయ్యేలోపు పీపా అయిపోయింది. ఎవరూ ఒక సీసా కూడా దాచుకోలేదు. మళ్ళీ కాయమని అందరూ అడిగారు, ఆర్డిత్ అడిగింది. అతను కాయలేదు. వసంతంలో దుకాణం పొరుగూరి నుంచి వచ్చిన నీల్ అనే బీరు కాచే కుర్రాడికి అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడు. వాసన తిరిగి రాలేదు. గుండె జబ్బు ఆ ఎండాకాలమే బయటపడింది.

ఆ తర్వాతి జనవరిలో జరిగింది నేను చూడలేదు, ఆర్డిత్ చెప్పింది. మధ్యాహ్నం వంటింట్లో ఆమె బంగాళాదుంపలు చెక్కుతోంది. అతను ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి, "ఆ ఎర్ర బీరు ఎలా ఉండింది?" అని అడిగాడు.

"బాగుందంటే నమ్మవు గదా."

"బాగుందా లేదా అని అడగడం లేదు. ఎలా ఉండింది?"

ఆమె కత్తి కింద పెట్టింది. మాటలు పేర్చడం ఆమెకు అలవాటు లేదు. వెతుక్కుంటూ చెప్పింది. ముందు పులుపు వచ్చి దవడల చివర పట్టుకుందని చెప్పింది. తర్వాత పండు వచ్చిందట. పొద మీద ఎండలో కాగిన పండు, కాస్త రోడ్డు దుమ్ము కూడా ఉన్న పండు. దాని వెనక పొంగుతున్న రొట్టె పిండి. చెమట పట్టించే సావ్నా ఆవిరి గదిలోంచి బయటికొచ్చి పెదవులు తడుపుకుంటే తగిలే ఉప్పు. "అంతా అయ్యాక చేదు వస్తుందని కాచుక్కూర్చున్నా" అంది. "ఎప్పుడూ వచ్చే చోట, గొంతు దగ్గర. రాలేదు. రానందుకు ఏడుపొచ్చింది నాకు. నువ్వు చూస్తున్నావని, అది దాచుకోడానికి ఇంకో గుక్క తాగాను."

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. "ఉప్పు ఎక్కువైందేమో అనుకున్నా" అన్నాడు.

"లేదు. సరిగ్గా ఉంది."

"పండు ముందు వచ్చిందా, పిండి ముందు వచ్చిందా?"

"పండే."

"ఇంకా చెప్పు."

ఆమె ఉన్నదంతా చెప్పింది. చెప్పడానికి ఇంక ఏమీ మిగలక ఆగిపోయింది. అతను కళ్ళు తెరిచి, "ఇంత కల్పించి చెప్పడం నీకు చేతకాదు" అన్నాడు. తర్వాత లేచి, వెళ్తూ వెళ్తూ ఆమె భుజం మీద చెయ్యి వేసి, గదిలోకి వెళ్ళి పడుకున్నాడు.

"అది నాకు చెప్పాడో, తనను తానే అడిగి చూసుకున్నాడో తెలీదు వెర్న్" అంది ఆర్డిత్ నాతో. "మర్నాడు అడుగుదాంలే అనుకున్నా. మర్నాడు దగ్గు ఎక్కువైంది. తర్వాత ఆస్పత్రి."

ఆ నెల దాటకుండానే రాయిస్ పోయాడు. నేల గడ్డకట్టి ఉంది కాబట్టి వసంతం దాకా పూడ్చలేదు. ప్రార్థన అయ్యాక చర్చి కింద గదిలో కాఫీ, హ్యామ్ శాండ్‌విచ్‌లు పెట్టారు. మిల్ట్ నా పక్కన కూర్చుని, ఏదో ఒకటి అనాలని రెండుసార్లు నోరు తెరిచి, అనలేక, శాండ్‌విచ్ తిన్నాడు.

నీల్ మంచి కుర్రాడు. ఆగస్టు రాగానే ఆర్డిత్ దగ్గరికెళ్ళి, ఆ బీరు మళ్ళీ కాద్దామన్నాడు. ఆమె పళ్ళు ఏరిచ్చింది. రాయిస్ ఎంత ఉప్పు గుప్పిట్లో పట్టేవాడో తన చెయ్యి మూసి చూపించింది. తోడు ఎంతసేపు ఉంచాడో గుర్తున్నంత చెప్పింది. అయ్యాక ఒక గ్లాసు తాగి చూసింది.

"ఇది మంచి బీరు" అంది. "అది కాదు."

తర్వాతి ఆగస్టులోనూ ప్రయత్నించాడు. ఉప్పు తగ్గించాడు, ఈస్టు మార్చాడు. ఆమె ముఖం చూసి అతనికే అర్థమయ్యేది. మూడోసారి అతను పళ్ళ బుట్టతో గుమ్మంలోకి వస్తే, ఆమే ఆపింది. "చాలు నాయనా. నీది నువ్వు కాచుకో. బాగా కాస్తున్నావు."

ఇప్పుడామె దుకాణంలో పని చెయ్యడం లేదు. శనివారాలు మాత్రం వచ్చి గోడ పక్క బల్ల దగ్గర కూర్చుంటుంది, నేనూ వెళ్ళి కూర్చుంటాను. నీల్ కొత్తగా ఏది కాచినా ఆమెకు కాస్త ఇస్తాడు. ఆమె రుచి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, గ్లాసు నా వైపు జరుపుతుంది. ఆ ఎర్ర బీరు తప్ప మిగతావి ఇప్పటికీ పడవు ఆమెకు.

పోయిన శనివారం నేను అడిగాను, రాయిస్ నమ్మాడనే అనుకుంటున్నావా అని. ఆమె కిటికీలోంచి వీధి చూసింది.

"ఒక్కోరోజు నమ్మాడనే అనిపిస్తుంది నాకు" అంది. "ఆ రోజు నాకు బాగా నిద్ర పడుతుంది."

తర్వాత కోటు తొడుక్కుంది. బయట మంచు జోరుగా పడుతోంది. ఇంటిదాకా తోడొస్తానన్నాను. వద్దని చెప్పి, తల వంచుకుని, గాలికి ఎదురుగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.